కాగితం తెల్లబడిన దారి: తున్‌హువాంగ్ నుంచి జింగ్‌షియన్ దాకా

మొదటి రోజు: తున్‌హువాంగ్

చైనాకు వాయవ్యాన, ఎడారి అంచున ఉన్న ఊరు తున్‌హువాంగ్. పాత కాగితం కట్టలు కట్టలుగా దొరికిన చోటు ఇది. కాగితం ఎక్కడ పుట్టింది, అది తెల్లగానే ఎందుకుంటుంది అనే రెండు ప్రశ్నలతో బయల్దేరినవాడిని కాబట్టి ముందు ఇక్కడికే వచ్చాను. తోడుగా మా అక్క కూతురు ఉంది. చైనాలో మెడిసిన్ చదువుతోంది, భాష బాగా వచ్చు. సెలవులు కలిసొచ్చాయి.

ఇక్కడి మొగావ్ గుహలు కొండలో తొలిచిన బౌద్ధ ఆలయాలు. టికెట్ 238 యువాన్లు. ముందు రెండు సినిమాలు చూపించి, తర్వాత బస్సులో గుహల దగ్గరికి తీసుకెళ్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. గైడ్ టార్చిలైటు ఎక్కడ వేస్తే అక్కడే చూడాలి. బొమ్మలన్నీ గొప్పవే, కానీ నా మనసంతా 17వ గుహ మీదే ఉంది. నిజానికి అది 16వ గుహకు వెళ్ళే నడవలో, గోడకు పక్కగా తొలిచిన చిన్న గది. 11వ శతాబ్దం తొలి రోజుల్లో ఎవరో దీని నిండా రాతప్రతులు పేర్చి, గోడ కట్టి, పైన బొమ్మలు వేసి మూసేశారు. 1900లో వాంగ్ యువాన్‌లూ అనే తావో సన్యాసి కంట పడేదాకా అలాగే ఉండిపోయింది. దాదాపు 50,000 ప్రతులు బయటపడ్డాయి. వాటిలో చాలా భాగం తర్వాత లండన్, పారిస్ లాంటి చోట్లకు తరలిపోయింది. ఇప్పుడు గదిలో హోంగ్‌బియెన్ అనే భిక్షువు విగ్రహం తప్ప ఏమీ లేదు. ఖాళీ గదే అయినా అక్కడి నుంచి కదలాలనిపించలేదు. గైడ్ రెండుసార్లు పిలిచింది.

ఎదురుగా ఉన్న ప్రదర్శనశాలలో ఆ ప్రతుల నకళ్ళు పెట్టారు. బౌద్ధ సూత్రాలు రాసిన కాగితాలన్నీ ముదురు పసుపు రంగులో ఉన్నాయి.

"పాతబడి పసుపెక్కాయి కదా మామయ్యా?" అంది పిల్ల.

నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో, దీని గురించి ముందే చదవకపోయి ఉంటే. ఆ పసుపు వయసుతో వచ్చింది కాదు. కావాలని వేసిన రంగు. హువాంగ్‌బో అనే చెట్టు లోపలి బెరడును నానబెట్టి తీసిన రసంలో కాగితాన్ని ముంచేవారు. అందులో బెర్బరిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. దాని రంగు పసుపు, దాని చేదుకు పురుగు దగ్గరికి రాదు. వందల ఏళ్ళు నిలవాల్సిన ధర్మగ్రంథానికి ఇంతకన్నా ఏం కావాలి? 868లో అచ్చయిన వజ్రచ్ఛేదిక సూత్రం, అంటే తేదీ స్పష్టంగా ఉన్న అచ్చు పుస్తకాల్లో అత్యంత పాతది, ఈ గదిలోదే. ఆ చుట్ట కూడా పసుపు కాగితమే.

6వ శతాబ్దపు ఒక చైనా వ్యవసాయ గ్రంథంలో కాగితానికి ఈ రంగు ఎలా పట్టించాలో వివరంగా ఉంది. అందులోనే ఇంకో ముచ్చట. రాసేటప్పుడు తప్పు పోతే దాని మీద హరిదళం పూసి, ఆరాక మళ్ళీ రాసేవారు. హరిదళం పసుపు ఖనిజం, పసుపు కాగితంలో కలిసిపోతుంది. మనం తెల్ల కాగితం మీద తప్పు దిద్దడానికి తెల్ల రంగు పూసినట్టే వాళ్ళు పసుపు పూశారు.

అప్పు పత్రాలు, ఉత్తరాలు, లెక్కలు మాత్రం రంగు వేయని కాగితం మీదే ఉన్నాయి. అవి లేత గోధుమ రంగులో, కొన్ని ముతకగా, నారపోగులు కంటికి కనిపించేలా ఉన్నాయి. అంటే వెయ్యేళ్ళ కిందట ఇక్కడివాళ్ళకు కాగితం తెల్లగా ఉండి తీరాలన్న పట్టింపు లేదు. విలువైన మాటకు పసుపు, రోజువారీ పనికి ఉన్న రంగు. అలాంటప్పుడు తెలుపు ఎలా గెలిచింది? ఈ ప్రశ్న మూట కట్టుకుని రాత్రి హోటల్‌కి చేరాం.

రెండో రోజు: షీఆన్

పొద్దున్నే విమానంలో షీఆన్ వచ్చేశాం. షాన్షీ చరిత్ర మ్యూజియానికి ముందుగా బుక్ చేసుకోకపోతే లోపలికి పోవడం కష్టం. మా పిల్ల వారం ముందే ఫోన్‌లో ఆ పని చేసి పెట్టింది.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది బాచియావ్ కాగితం కోసం. 1957లో షీఆన్ తూర్పు శివార్లలో ఒక పాత సమాధిలో కంచు అద్దం బయటపడింది. ఆ అద్దానికి అంటుకుని జనపనార (హెంప్) తుక్కులాంటి పొర ఒకటి కనిపించింది. సమాధి పశ్చిమ హాన్ రాజుల కాలం నాటిది, అంటే క్రీస్తు పూర్వానిది. క్రీ.శ. 105లో త్సాయ్ లున్ కాగితం కనిపెట్టాడని మనం పిల్లప్పుడు చదువుకున్న మాటకు ఈ తుక్కు అడ్డం తిరిగింది. అది నిజంగా కాగితమేనా, లేక ఊరికే పేరుకుని అణిగిపోయిన నారా అని పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. 1986లో కాన్సు ప్రాంతంలో, తియెన్‌షుయ్ దగ్గరి ఫాంగ్‌మాథాన్‌లో ఇంకో ముక్క దొరికింది. పొడవు 5.6 సెంటీమీటర్లు, వెడల్పు 2.6. దాని మీద కొండలు, వాగులు, దారుల గీతలున్నాయి. క్రీ.పూ. 2వ శతాబ్దపు పటం అది. దాంతో త్సాయ్ లున్ కంటే రెండు వందల ఏళ్ళకు పైగా ముందే కాగితం లాంటిది ఉందన్న మాట బలపడింది.

రంగు మాత్రం ఎవరూ తెలుపనరు. గోధుమ రంగుకు కాస్త అటూ ఇటూ.

అంతకు ముందు రాత ఎంత బరువైన పనో ఈ ఊళ్ళోనే అర్థమవుతుంది. చైనా తొలి చక్రవర్తి చిన్ షీ హువాంగ్ రోజూ దస్తావేజులను తక్కెట్లో తూచి, ఒక షీ బరువు చదివితే గానీ పడుకునేవాడు కాదట. ఒక షీ అంటే సుమారు 30 కిలోలు. అవన్నీ వెదురు, చెక్క పలకలు. తేలికైన పట్టు ఉండేది గానీ దాని ఖరీదు అందరూ భరించలేరు.

మధ్యాహ్నం శిలాశాసనాల మ్యూజియం, బేయ్‌లిన్. పెద్ద పెద్ద రాతి పలకలు అడవిలా నిలబడి ఉంటాయి. ఇక్కడ ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా ఇష్టమైన దృశ్యాల్లో ఒకటి దొరికింది. ఒకాయన రాతి పలక నుంచి ముద్ర తీస్తున్నాడు. ముందు పల్చటి కాగితాన్ని తడిపి రాతి మీద పరిచాడు. తడి తగలగానే కాగితం మాయమైనంత పని చేసింది. కింద చెక్కిన అక్షరాలు దాని గుండా కనిపించాయి. తర్వాత బ్రష్‌తో మెల్లగా కొడుతూ కాగితాన్ని అక్షరాల గుంటల్లోకి దించాడు. ఆరుతున్నకొద్దీ ఒక్కో చోట నుంచి తెలుపు తిరిగి వచ్చింది. ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే సిరా అద్దిన గుడ్డ మూటతో పైపైన తట్టాడు. ఎత్తుగా ఉన్న చోట నలుపెక్కింది, గుంటలు తెల్లగా మిగిలాయి.

మేం అక్కడే నిలబడి చాలాసేపు చూశాం. కాగితం ఎందుకు తెల్లగా ఉంటుందనే ప్రశ్నకు సగం జవాబు ఆయన చేతుల కింద జరుగుతోంది.

కాగితం అంటే మొక్కల నారపోగుల అల్లిక. ఆ పోగుల్లో ముఖ్యమైన పదార్థం సెల్యులోజ్. దానికి సొంతంగా రంగంటూ లేదు, పారదర్శకం. అయితే కాగితంలో పోగుకూ పోగుకూ మధ్య సందులుంటాయి, వాటి నిండా గాలి ఉంటుంది. వెలుతురు పోగులోంచి గాలిలోకి, గాలిలోంచి పోగులోకి దూరిన ప్రతిసారీ కొంత వంగుతుంది, కొంత వెనక్కి మళ్ళుతుంది. ఆ కాస్త మందంలోనే ఇలా ఎన్నో సార్లు చెదిరి, అన్ని రంగులూ సమంగా బయటికి వచ్చేస్తాయి. అన్ని రంగులూ సమంగా కంటికి చేరితే దాన్నే తెలుపంటాం. ఉప్పుకల్లు పారదర్శకంగా ఉన్నా, దాన్నే మెత్తగా నూరితే తెల్లటి పొడి అవుతుంది. ఇదీ అంతే.

నీళ్ళు పోస్తే సందుల్లోని గాలి పోయి నీరు చేరుతుంది. వెలుతురును వంచడంలో నీటికీ సెల్యులోజ్‌కూ మధ్య తేడా గాలితో ఉన్నంత ఎక్కువ కాదు. కాబట్టి వెలుతురు అంతగా చెదరకుండా నేరుగా సాగిపోతుంది, కింది అక్షరం కనిపిస్తుంది. నూనె మరక పడినచోట కాగితం అద్దంలా మారేది కూడా ఇందుకే. నూనె నీటికన్నా సెల్యులోజ్‌కి ఇంకా దగ్గర.

ఇది సగం జవాబే. ఇదే నిజమైతే ఏ మొక్కనైనా నలగ్గొట్టి ఆరబెడితే తెల్ల కాగితం రావాలి. అలా రాదు. అడ్డుపడేది లిగ్నిన్. చెట్టుకు గట్టిదనం ఇచ్చే జిగురు లాంటి పదార్థం అది, పోగులను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. కాగితంలో అది మిగిలితే వెలుతురులోని నీలం వైపు రంగులను ఎక్కువగా మింగేస్తుంది. బయటికొచ్చేది పసుపు, గోధుమ. అంటే తెలుపు కావాలంటే కలపాల్సింది రంగు కాదు. ముందు తీసేయాల్సింది లిగ్నిన్‌ను. ఆ తీసేసే పనిని ఎవరు ఎలా చేశారన్నదే కాగితం చరిత్రలో సగం.

మూడో రోజు: లాంగ్‌టింగ్

షీఆన్ నుంచి యాంగ్‌షియన్‌కు హైస్పీడ్ రైలుంది. దారి పొడుగునా చిన్‌లింగ్ కొండలే. కిటికీలోంచి చూసేదానికన్నా సొరంగంలో గడిపేదే ఎక్కువ. 2017 చివర్లో ఈ లైను తెరిచేదాకా ఈ కొండలు దాటడం పెద్ద ప్రయాణమేనట.

స్టేషన్ దగ్గర ట్యాక్సీ మాట్లాడుకుని లాంగ్‌టింగ్ వెళ్ళాం. పొలాల్లో తెల్లగా, రెక్కల కింద లేత గులాబీ ఛాయతో ఒక పక్షి కనిపిస్తే డ్రైవర్ బండి ఆపి మరీ చూపించాడు. క్రెస్టెడ్ ఐబిస్. ఇక అంతరించిపోయిందనుకున్న దశలో 1981లో ఈ యాంగ్‌షియన్‌లోనే ఏడు పక్షులు దొరికాయి. ఇప్పుడున్న వేల పక్షులు వాటి సంతతే. కాగితంతో సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

లాంగ్‌టింగ్‌లో త్సాయ్ లున్ సమాధి, ఆలయం ఉన్నాయి. పాత సైప్రస్ చెట్ల మధ్య గడ్డి మొలిచిన మట్టి దిబ్బ. జనం పెద్దగా లేరు. ప్రపంచమంతా వాడుతున్న వస్తువుతో పేరు ముడిపడిన మనిషి సమాధి దగ్గర ఇంత తీరిగ్గా కూర్చోవచ్చని అనుకోలేదు.

ఆయన దక్షిణాన, ఇప్పటి హునాన్‌లోని లేయాంగ్ వాడు. నపుంసక ఉద్యోగిగా రాజభవనంలో చేరాడు. పైకి వచ్చి, రాజుగారి ఆయుధాలూ సామగ్రీ తయారుచేసే కార్ఖానాల మీద అధికారి అయ్యాడు. క్రీ.శ. 105లో చెట్టు బెరడు, జనపనార తుక్కు, పాత గుడ్డలు, చేపల వలలతో కాగితం చేసి హో చక్రవర్తికి సమర్పించాడు. 114లో లాంగ్‌టింగ్ ప్రాంతాన్ని ఆయనకు జాగీరుగా ఇచ్చారు. ఆయన కాగితానికి 'త్సాయ్ ప్రభువు కాగితం' అనే పేరు వచ్చింది. ముగింపు మాత్రం ఘోరం. అంతఃపుర కుట్రల్లో రాణి తరఫున పనిచేసి, ఒక రాజపత్ని చావుకు కారణమైనవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఆ రాజపత్ని మనవడే తర్వాత చక్రవర్తి అయ్యాడు. విచారణకు రమ్మని కబురొచ్చింది. 121లో స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని విషం తాగేశాడు.

ఆయనకన్నా ముందే కాగితం ఉందని నిన్న మ్యూజియంలో చూశాం కదా, మరి ఈయన గొప్పేమిటని మా పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. నా మటుకు నాకు ఆయన ఎంచుకున్న ముడిసరుకులోనే జవాబుంది అనిపిస్తుంది. పారేసే గుడ్డ, చిరిగిన వల, ఊరికే దొరికే బెరడు. ఖరీదైనది ఒక్కటీ లేదు. పైగా ఇవన్నీ తెలుపుకు దగ్గరి సరుకులు. జనపనారలో లిగ్నిన్ తక్కువ. గుడ్డ అయ్యేలోపే ఆ నార నానింది, ఉడికింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉతుకులు తిన్నది, ఎండలో ఆరింది. వల సంగతి చెప్పక్కర్లేదు, బతుకంతా నీళ్ళూ ఎండే. అంటే కాగితం చేసేవాడి చేతికి వచ్చేసరికే సగం చలువ అయిపోయిన నార అది.

బెరడు సంగతి ఆలయం పక్కన కాగితం చేసి చూపించే చోట తెలిసింది. కాగితపు మల్బరీ చెట్టు బెరడు తీసుకుని ఒకామె పైనున్న నల్లటి పొరను కత్తితో గీకేస్తోంది. లోపలిది లేత పచ్చని తెలుపు. దాన్ని బూడిద నీళ్ళలోనో సున్నంలోనో ఉడికిస్తే క్షారం తగిలి జిగురంతా వదులవుతుంది. కడిగి, దంచి, నీళ్ళలో కలిపి, జల్లెడతో ఎత్తితే కాగితం. పిల్లకు చేయి పెట్టే అవకాశం ఇచ్చారు. ఆమె ఎత్తిన కాగితం ఒక పక్క మందం, ఒక పక్క చిల్లు. అయినా ఆరాక చుట్టచుట్టి బ్యాగులో పెట్టుకుంది.

నాలుగో రోజు: దారిలో

తిరిగి షీఆన్, అక్కడి నుంచి విమానంలో హఫేయ్, మళ్ళీ రైలు. రాయడానికి ఊళ్ళేమీ లేని రోజు. అందుకే రైల్లో మేం మాట్లాడుకున్నదే రాస్తాను.

ఇప్పటి తెల్ల కాగితం లాంగ్‌టింగ్ దారిలో వచ్చింది కాదు. కాగితం చైనా దాటి, మధ్య ఆసియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరాక కూడా చాలాకాలం గుడ్డపీలికలే ముడిసరుకు. తెల్ల గుడ్డతో తెల్ల కాగితం, రంగు గుడ్డతో బూడిద రంగు కాగితం. కాగితం వాడకం పెరిగేకొద్దీ గుడ్డకు కరువొచ్చింది. 1774లో షీలా అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త క్లోరిన్ వాయువును గుర్తించాడు. 1785 ప్రాంతంలో ఫ్రాన్సులో బెర్తొలే అది రంగును పోగొడుతుందని చూపించాడు. 1799లో స్కాట్లాండ్‌లో టెనెంట్ బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇక ఏ రంగు గుడ్డ అయినా తెల్ల కాగితం అయిపోయింది.

అసలు మలుపు 1844. జర్మనీలో కెలర్ అనే నేతగాడు కలపను రాతికి అరగదీసి గుజ్జు తీశాడు. చెట్టు మొత్తం ముడిసరుకు అయింది. కానీ కలపలో సుమారు పావు వంతు లిగ్నినే. అరగదీసిన గుజ్జులో అదంతా ఉండిపోతుంది. న్యూస్‌పేపర్‌ను ఎండలో వదిలేస్తే కొన్నాళ్ళకే పసుపెక్కేది అందుకే, లిగ్నిన్ గాలికీ వెలుతురుకీ మారిపోయి కొత్త రంగు పదార్థాలు పుడతాయి. కలపను రసాయనాలతో ఉడికించి లిగ్నిన్‌ను కరిగించే పద్ధతులు తర్వాత వచ్చాయి. వాటిలో 1879లో డాల్ కనిపెట్టిన క్రాఫ్ట్ పద్ధతి ఇవాళ్టికీ రాజ్యమేలుతోంది. అలా ఉడికించి తీసిన గుజ్జు గోధుమ రంగులో ఉంటుంది. అట్టపెట్టె రంగు అదే. రాసుకునే కాగితం కావాలంటే దాన్ని మళ్ళీ బ్లీచ్ చేయాలి. ఒకప్పుడు నేరుగా క్లోరిన్ వాయువుతో చేసేవారు. దాని వల్ల డయాక్సిన్ లాంటి విషాలు నదుల్లో చేరుతున్నాయని బయటపడ్డాక, 1990ల నుంచి క్లోరిన్ డయాక్సైడ్, ఆక్సిజన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వైపు మళ్ళారు.

మా పిల్ల తన నోట్‌బుక్ తీసి చూపించింది. మీగడ రంగు కాగితం. కళ్ళకు హాయి అని ఇక్కడి స్టూడెంట్లు ఇవే కొంటారట. పిల్లల పుస్తకాల కాగితం మరీ మెరిసిపోయేంత తెల్లగా ఉండకూడదని చైనాలో ప్రమాణం కూడా పెట్టారు.

ఐదో రోజు: జింగ్‌షియన్

ఆన్‌హుయ్ రాష్ట్రంలో కొండల మధ్య ఉన్న జింగ్‌షియన్ షువాన్ కాగితానికి పుట్టిల్లు. చిత్రకారులు, చేతిరాత కళాకారులు వెయ్యేళ్ళుగా వెంటపడుతున్న కాగితం ఇది. 2009లో యునెస్కో దీని తయారీని మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఊరికి కొంచెం దూరంలో కొండవాగుల పక్కన పెద్ద కార్ఖానా, మ్యూజియం, పని చూపించే ఆవరణ ఉన్నాయి.

ఇక్కడ చెప్పుకునే కథ ఒకటుంది. త్సాయ్ లున్ శిష్యుడు కొంగ్ దాన్ తన గురువు బొమ్మ గీయడానికి తగినంత తెల్లటి, మన్నే కాగితం కోసం ఏళ్ళ తరబడి తిరిగాడట. ఒకరోజు కొండవాగులో పడిపోయి ఉన్న ముసలి చింగ్‌తాన్ చెట్టు కనిపించింది. పారే నీటికీ ఎండకూ నాని దాని బెరడు తెల్లటి పోగులుగా విడిపోయి ఉంది. ఆ పోగులతోనే మొదటి షువాన్ కాగితం చేశాడట. చరిత్ర ఈ కథకు సాక్ష్యం చెప్పదు. కానీ కథ అల్లినవాళ్ళకు పని తెలుసు. తెలుపు ఎలా వస్తుందో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు.

చింగ్‌తాన్ బెరడు కాగితానికి బలం. దానికి తోడు ఇసుక నేలల్లో పండిన వరి గడ్డి. అది మెత్తదనం ఇస్తుంది, పోగుల మధ్య సందులు నింపుతుంది. బెరడు ఎంత, గడ్డి ఎంత అన్నదాన్ని బట్టి రకాలు. బెరడు ఎక్కువైన రకం ఖరీదు.

దంచే గదిలో కాలితో తొక్కే పెద్ద రోకళ్ళు. పక్క గదిలో తొట్ల దగ్గర ఇద్దరేసి మనుషులు. వెదురు పుల్లలతో అల్లిన సన్నటి తెరను చట్రం మీద పరిచి, చెరో పక్కన పట్టుకుని, తొట్టిలో ముంచి ఎత్తుతారు. రెండే ముంపులు. ఒక్క మాట మాట్లాడుకోరు. ఒకరి మోచేయి కదలికను బట్టి రెండోవారి మోచేయి కదులుతుంది. తెరను తిప్పి కుప్ప మీద పరిచి లేపితే పల్చటి తడి పొర అక్కడ ఉండిపోతుంది. దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి. మధ్యలో గుడ్డ కూడా వేయరు.

"అంటుకుపోవా షిఫూ?" అని మా పిల్ల అడిగింది. చేతిపని గురువులను ఇక్కడ అలాగే పిలుస్తారు.

తొట్టిలో అడవి కివీ తీగ రసం కలుపుతామని పెద్దాయన చెప్పాడు. జిగటగా ఉండే ఆ రసం వల్ల పోగులు నీళ్ళలో సమంగా తేలుతాయి, అడుగుకు దిగవు. తర్వాత కుప్పను పిండి ఆరబెట్టాక కూడా పొరలు ఒక్కొక్కటిగా విడివడతాయి. ఆయన చేతులు చూశాను. చలికాలమైనా ఎండాకాలమైనా నీళ్ళలోనే గడిచిన చేతులు. నేను కాగితం గురించి ఎంత చదివినా ఆ చేతులకు తెలిసిందాంట్లో వీసమెత్తు కూడా నాకు తెలియదు.

ఆరబెట్టే గది వేడి. లోపల నుంచి కాచిన ఇనుప గోడ, దాని మీద పైన్ ఆకులతో కట్టిన కుంచెతో కాగితాన్ని అంటిస్తారు. ముడత లేకుండా పైనుంచి కిందికి నాలుగైదు విసుర్లు. నిమిషం తిరక్కుండానే బూడిద రంగు తడి పొర కళ్ళముందు తెల్లబడుతుంది. షీఆన్‌లో రాతి మీద చూసిందే ఇక్కడ గోడంత పెద్దది. నీరు పోతోంది, ఆ చోట్లోకి గాలి వస్తోంది.

చివరి గదిలో ఆడవాళ్ళు ఒక్కొక్క కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూస్తారు. చిన్న నలుసు, బెరడు ముక్క, నీటి బొట్టు మచ్చ ఉన్నా పక్కన పడేస్తారు. అవి వృథా పోవు, మళ్ళీ తొట్టిలోకి వెళ్తాయి. మంచివాటిని పెద్ద కత్తెరతో ఒక దెబ్బన కత్తిరించి వందేసి కట్ట కడతారు.

మ్యూజియంలో 11 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల వెడల్పు ఉన్న కాగితం ఉంది. దాన్ని ఎత్తడానికి పదుల మంది ఒకే తెరను పట్టుకుని ఒకే ఊపులో కదలాలి. వీడియో వేశారు. మేం రెండుసార్లు చూశాం.

ఆరో రోజు: ఎండ వాలు

నిన్నటి కార్ఖానాలో పోగుల్ని కాగితం చేయడం చూశాం. పోగుల్ని తెల్లగా చేసేది మాత్రం అక్కడ కాదు, కొండ మీద. పొద్దున్నే ఎక్కాం. కొండవాలంతా రాళ్ళు పరిచి ఉంది. ఆ రాళ్ళ మీద బెరడు పట్టెలు, గడ్డి పరుపులు పరుచుకుని ఉన్నాయి. కింది నుంచి చూస్తే పచ్చటి అడవిలో ఆ ఒక్క వాలే పాలిపోయి కనిపిస్తుంది.

పద్ధతి ఇది. చింగ్‌తాన్ కొమ్మలను చలికాలంలో కొడతారు. ఆవిరి పట్టించి బెరడు ఒలుస్తారు. సున్నంలో నానబెట్టి, ఉడికించి, కడిగి, మళ్ళీ క్షారంలో ఉడికించి కొండకు చేరుస్తారు. అక్కడ నెలల తరబడి ఎండ, వాన, మంచు. కొన్నాళ్ళకు తిరగేస్తారు. కిందికి తెచ్చి మళ్ళీ ఉడికించి మళ్ళీ పరుస్తారు. వెలుతురు, తడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి మిగిలిపోయిన లిగ్నిన్‌ను కొద్దికొద్దిగా విరిచేస్తాయి, వాన దాన్ని కడిగేస్తుంది. తెల్లబడే ఈ పనికే ఏడాది దాకా పట్టేస్తుంది.

వాలు మీద అన్ని దశలూ పక్కపక్కనే ఉన్నాయి. కొత్తగా పరిచింది పచ్చటి గోధుమ. ఆ పక్కది ఎండుగడ్డి రంగు. పై అంచున ఉన్నది దాదాపు ఎముక తెలుపు. బరువు మోసుకుంటూ ఎక్కుతున్న ఒకాయనకు పక్కకు జరిగి దారిచ్చాం. ఎండలో మెరిసే తడి బెరడు చాలా బరువు, వాలు నిటారు. ఈ పనికి కుర్రవాళ్ళు రావడం లేదని ఆయన ఆగి మరీ చెప్పాడు. ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. యునెస్కో గుర్తింపు వేరు, ఈ మోత వేరు. మోసేవాడికి సరైన కూలి దొరక్కపోతే గుర్తింపు పలక గోడ మీద మిగులుతుంది, పని ఉండదు.

ఇంత తిప్పలు ఎందుకు, బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఒక పూటలో అయిపోదా? అవుతుంది. ఈ ఊళ్ళోనే కొనుక్కొచ్చిన గుజ్జు పలకలతో, బ్లీచ్ చేసి, చవకగా చేసే రాత కాగితం కూడా అమ్ముతారు. నేర్చుకునే పిల్లలకు అదే చాలు. కాకపోతే ఘాటైన బ్లీచ్ లిగ్నిన్‌తో ఆగదు, సెల్యులోజ్ గొలుసులను కూడా తెంపుతుంది. కాగితం వయసు తగ్గుతుంది. ఎండ నెమ్మదిగా చేస్తుంది కాబట్టి పోగుకు దెబ్బ తక్కువ. పైగా సున్నం వాడటం వల్ల ఆమ్లం ఉండదు. పాత షువాన్ కాగితాలు వందల ఏళ్ళు నిలవడానికి ఇవే కారణాలు.

సాయంత్రం ఊళ్ళో కాగితాల దుకాణానికి వెళ్ళాం. కొట్టు ఆయన దగ్గర దొంగనోట్లు పట్టే అతినీలలోహిత దీపం ఉంది. హోటల్‌లో ఇచ్చిన బిల్లును దాని కింద పెట్టాడు. నీలంగా వెలిగిపోయింది. పక్కన కొండ ఎండలో తెల్లబడిన షువాన్ కాగితం పెట్టాడు. వెలగలేదు, మసకగా ఉండిపోయింది. ఇప్పటి ఆఫీసు కాగితాల్లో మెరుపు కోసం ఒక రసాయనం కలుపుతారు. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని మింగి, నీలి కాంతిగా బయటికి వదులుతుందది. కాగితంలో మిగిలిన పసుపు ఛాయను ఆ నీలం కప్పేస్తుంది. దానికి తోడు సుద్ద పొడి కలుపుతారు, వెలుతురు ఇంకా బాగా చెదరడానికి. ఇలాంటి మెరుపు రసాయనాలు వాడకంలోకి వచ్చింది 1940ల నుంచే. అందుకే పాత చిత్రమని ఎవరైనా తెస్తే ముందు ఈ దీపం కింద పెడతానని కొట్టు ఆయన చెప్పాడు. వెలిగితే అది పాతది కాదు.

తెలుపు ఎందుకు గెలిచిందన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు కూడా ఆయన బల్ల మీదే దొరికింది. నీళ్ళు కలిపిన సిరాతో ఒకే కుంచెతో ఐదారు గీతలు గీశాడు. చిక్కటి నలుపు, బూడిద, పొగ, ఇక చివరిది ఉందో లేదో అన్నంత లేత. ఆ చివరి గీత పసుపు కాగితం మీద కనిపించదు. గ్రంథం రాయడానికి పసుపైనా గోధుమైనా సరిపోతుంది, నల్లటి అక్షరం చదవగలిగితే చాలు. లేత ఛాయలన్నీ నిలవాలంటే కింద ఉన్నది ఏ రంగునూ మింగకూడదు. రంగుల అచ్చుకైనా ఇదే నియమం. అచ్చు సిరాలు కాగితం నుంచి తిరిగి వచ్చే వెలుతురులోంచే తమ రంగును తీసుకుంటాయి.

ఒక కట్ట కొన్నాను. మరీ తెల్లగా ఉన్నది తీయబోతుంటే కొట్టు ఆయన ఆపి, రెండో అరలోంచి ఎనిమిదేళ్ళ నాటి కట్ట తీశాడు. కొత్త కాగితంలో వేడి ఉంటుందని, సిరా దూకుడుగా పాకుతుందని, కొన్నేళ్ళు ఊరుకోనిస్తే నెమ్మదిస్తుందని ఇక్కడి రాతగాళ్ళ నమ్మకం. ఆ పాత కట్ట కొత్తదానికన్నా ఒక పిసరు మీగడ రంగులో ఉంది, ధర మాత్రం ఎక్కువ. అదే తీసుకున్నాను.

మా పిల్లకు కాలేజీ తెరుస్తారు కాబట్టి రేపు తను వెనక్కి వెళ్తుంది. నేను హునాన్ రైలెక్కి లేయాంగ్ వెళ్తున్నాను, త్సాయ్ లున్ పుట్టిన ఊరు చూడటానికి. ఎవరైనా జింగ్‌షియన్ రావాలనుకుంటే చలికాలంలో రండి. కొమ్మలు కొట్టడం, బెరడు ఒలవడం మేం చూడలేకపోయాం, అవి అప్పుడే జరుగుతాయి.